తార్నాక నుంచి తాళ్ల వనం దాకా

ఆ రీల్ మీరూ చూసే ఉంటారు. ఇటలీలో టస్కనీ అనే ప్రాంతం. కారు అద్దంలోంచి పచ్చటి గుట్టలు, ద్రాక్ష తోటలు, గుట్ట మీద రాతి గోడల మధ్య ఒక పాత ఊరు. మధ్యాహ్నానికి ఇంకో ఊరు. సాయంత్రం ఒక తోటలో కూర్చుని, ఆ తోట ద్రాక్షతోనే చేసిన వైన్. పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంటికి.

ముషీరాబాద్‌లో మా డాబా మీద కూర్చుని ఇలాంటివి ఎన్ని చూశానో లెక్క లేదు. నేను ఉస్మానియాలో ఎం.ఎ. హిస్టరీ స్టూడెంట్‌ని. కానీ శాన్ జిమిన్యానో అనే ఊళ్లో మధ్యయుగాల నాటి రాతి బురుజులు ఇంకా 14 నిలబడి ఉన్నాయని నాకు తెలిసింది క్లాసులో కాదు, ఫోన్‌లోనే.

ఒకరోజు తార్నాకలో చాయ్ తాగుతూ ఆ రీల్ నా ఫ్రెండ్‌కి చూపించాను. అది చివరి దాకా చూసి, చాలా మామూలుగా అంది: "కోటలు, పొలాలు, తాగుడు. ఇది మన వరంగల్ రోడ్డే కదనే. వైన్ బదులు కల్లు."

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ రోడ్డు మీదే, జనగామ దాటాక, మా నాన్న పుట్టిన ఊరు ఉంది. నేను ఒక్కసారి కూడా చూడని ఊరు.

నా సర్టిఫికెట్‌లో "గౌడ, బీసీ-బి" అని ఉంటుంది. అడ్మిషన్ అప్పుడు, స్కాలర్‌షిప్ అప్పుడు, హాల్‌టికెట్ అప్పుడు ఆ పదం రాస్తూనే ఉన్నాను. ఆ పదం వెనక ఒక పని ఉందని తెలుసు. మా తాత తాళ్లు ఎక్కేవాడని, చెట్టు మీంచి పడి చనిపోయాడని తెలుసు. అంతే. నాన్నని ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు: "ఏముంది ఆడ? తాళ్లే."

నాన్నకి యాభై ఆరేళ్లు. ముషీరాబాద్‌లో చిన్న వెల్డింగ్ షాపు. పదహారేళ్లప్పుడు సిటీకి వచ్చి, మళ్లీ ఊరికి పోలేదు. కల్లు ముట్టడు. ఎవరైనా పెళ్లికి జనగామ వైపు పిలిస్తే అమ్మని పంపిస్తాడు.

"డాడీ, ఆదివారం భువనగిరి కోట చూసొద్దామా? నేనే నడుపుతా" అని అడిగాను. కొత్తగా లైసెన్స్ వచ్చింది, మామయ్య పాత ఆల్టో ఖాళీగా ఉంది. కూతురు డ్రైవింగ్ చూద్దామనుకున్నాడో ఏమో, సరే అన్నాడు. భువనగిరి తర్వాత ఇంకా ఎక్కడికి పోదామనుకున్నానో నేను చెప్పలేదు.

పొద్దున గుట్ట

ఫిబ్రవరి చివరి ఆదివారం. ఆరు కాకముందే బయల్దేరాం. అమ్మ చపాతీలు, టమాట తొక్కు కట్టిచ్చింది. నానమ్మ మంచంలో కూర్చుని మోకాళ్లకి నూనె రాసుకుంటూ "ఏడికి?" అంది. "భువనగిరికి అవ్వా" అన్నాడు నాన్న. ఆమె ఇంకేం అడగలేదు.

రాంనగర్, అడిక్‌మెట్ దాటి క్యాంపస్‌లోంచి వెళ్లాను. ఆర్ట్స్ కాలేజీ ముందు అప్పుడే వాకర్లు, ఒక ప్రీ-వెడ్డింగ్ షూట్. 1939లో తెరిచిన ఆ రాతి బిల్డింగ్‌ని నాన్న బస్సులోంచి వేలసార్లు చూసి ఉంటాడు. "ఇండ్లనేనా నువ్వు సదివేది?" అని కొత్తగా అడిగాడు. అవునన్నాను. మెడ తిప్పి అది కనపడకుండా పోయేదాకా చూశాడు.

తార్నాక, హబ్సిగూడ, ఉప్పల్. ఆ తర్వాత ఏళ్లుగా సాగుతున్న ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్య గుంతలు. ఘట్‌కేసర్ దాటాక రోడ్డు విశాలమైంది. బీబీనగర్ దాటాక దూరంగా ఒక పెద్ద నల్లటి గుండు కనిపించింది. కోడిగుడ్డుని సగానికి కోసి బోర్లించినట్టు ఉంటుంది. అదే భువనగిరి.

ఆ ఒక్క బండ మీదే కోట. కట్టించింది కళ్యాణి చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడని చెప్తారు. ఆయన పాలించింది 1076 నుంచి 1126 దాకా. బిరుదు త్రిభువనమల్లుడు. త్రిభువనగిరి కాస్తా నోళ్లలో నలిగి భువనగిరి అయింది. ఆ తర్వాత కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు అందరి చేతులూ పడ్డాయి. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ బండలు ఎక్కడం నేర్చుకున్నది కూడా ఈ గుట్ట మీదే.

మెట్లు కొంత దూరం బాగుంటాయి. పైకి పోయేకొద్దీ నున్నటి ఏటవాలు బండ. నా స్పోర్ట్స్ షూ జారుతోంది. వెనక్కి చూస్తే నాన్న చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఒట్టి కాళ్లతో నన్ను దాటి పోయాడు. వేళ్లు విడదీసి, పాదం మొత్తం బండకి ఆనించి, ఒళ్లు కాస్త ముందుకు వంచి. ఎక్కడా చెయ్యి పెట్టలేదు.

ఇరవై రెండేళ్లుగా ఆ మనిషిని సోఫాలో, షాపులో, స్కూటర్ మీద చూశాను. ఎక్కడం చూడలేదు.

పైన గాలి. రాతిలో తొలిచిన నీటి గుంటలు, పాడుబడ్డ మహల్ గోడలు. కింద భువనగిరి డాబాలు, చెరువు, వాటి అవతల పొలాల గట్ల మీద వరసగా తాటి చెట్లు. నేను ఫోన్ తీశాను. నాన్న ఆ చెట్ల వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

పదిన్నరకి రాయి చల్లగా

కిందికి దిగాక "ఇంక ఇంటికేనా?" అన్నాడు. "ఆలేరు దగ్గర జైన గుడి ఉంది డాడీ, పది నిమిషాలు" అన్నాను. పది నిమిషాలు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆలేరు నుంచి ఆరేడు కిలోమీటర్లు లోపలికి పోతే కొలనుపాక. ఇప్పుడు చూస్తే మామూలు ఊరు. వెయ్యేళ్ల కింద కళ్యాణి చాళుక్యులకి ఈ ప్రాంతంలో ముఖ్యపట్టణం. జైనం, శైవం పక్కపక్కనే పెరిగిన చోటు. వీరశైవుల రేణుకాచార్యుడు ఇక్కడి సోమేశ్వర లింగం నుంచే పుట్టాడని నమ్మకం. ఆ సోమేశ్వరాలయం ఆవరణలో విరిగిన శిల్పాలు, శాసనాలు వరసగా పేర్చి ఉన్నాయి. ఎండలో నిలబడి తెలిసిన రెండు అక్షరాలు కూడబలుక్కోవడం నాకు సరదా. నాన్నకి నీడ కావాలి.

జైన మందిరంలో నీడ దొరికింది. కాలికింద చల్లటి పాలరాయి. రాజస్థాన్, గుజరాత్ శిల్పులు బాగుచేసిన గుడి. లోపల మహావీరుడి విగ్రహం, జేడ్ రాయితో చేసిందని చెప్తారు. ఫోటోలు తీయనివ్వరు. అందుకే కాబోలు అక్కడ ఎక్కువసేపు చూశాను.

బయట చెట్టు కింద చపాతీలు తిన్నాం. చెప్పాలంటే అదే సమయం. కానీ నాన్నే అడిగాడు.

"జనగామ ఎంత దూరం ఈడికెంచి?"

"ముప్పై లోపే."

తొక్కు వేలితో నాకి, టిఫిన్ మూత పెట్టి, "నాకు మొదలే సమజైంది బిడ్డా" అన్నాడు. కోపంగా అనలేదు. సంతోషంగానూ అనలేదు. వద్దని మాత్రం అనలేదు.

పాపన్న ఊరు

జనగామకి ముందు పెంబర్తి వస్తుంది. రోడ్డు పక్క షోరూముల్లో ఇత్తడి దీపాలు, కలశాలు, గుడి తొడుగులు. ఈ ఇత్తడి పనికి జీఐ గుర్తింపు ఉంది. ఆగుదామంటే నాన్న తల అడ్డంగా ఊపాడు. ఇక ఆగే ఓపిక ఆయనకి లేదని అర్థమైంది. అటూ ఇటూ ఆకుల్లేని కొమ్మల మీద మోదుగ పూలు నిప్పుల్లా ఉన్నాయి.

జనగామ దాటి, రఘునాథపల్లి దగ్గర హైవే దిగితే ఖిలాషాపూర్. ఇళ్ల మధ్యలోంచే రాతి బురుజులు లేస్తాయి. పక్కనే ఎండేసిన మిర్చి, కట్టేసిన గేదె. ఇది రాజులు కట్టిన కోట కాదు. కల్లుగీత కులంలో పుట్టిన సర్వాయి పాపన్న కోట.

క్లాసులో రిచర్డ్ ఈటన్ దక్కన్ సామాజిక చరిత్ర పుస్తకం చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. అందులో ఎనిమిది మంది మనుషుల జీవితాల మీద ఎనిమిది అధ్యాయాలు. అందులో ఒకటి మన పాపన్నది. 1708లో మొహర్రం వేళ ఓరుగల్లు మీద పడ్డాడు. అదే ఏడాది భువనగిరి మీద పడ్డాడు. అంటే పొద్దున మేం ఎక్కిన గుట్టే. అతని వెంట రకరకాల కులాల వాళ్లు, ముస్లింలు కూడా ఉన్నారు. మొఘల్ చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాతల్లో అతను బందిపోటు. శారద కథలు చెప్పేవాళ్ల పాటల్లో సర్దార్. చివరికి 1710లో మొఘల్ సైన్యం అతని తాటికొండ కోటని ముట్టడించింది. గాయాలతో తప్పించుకున్న పాపన్న హసనాబాద్ దగ్గర కల్లు కోసం ఆగి పట్టుబడ్డాడని చెప్తారు.

ఇక్కడ ఇంకో తేదీ గుర్తొచ్చింది. టస్కనీ పాలకుడు మూడో కోసిమో, కియాంతి వైన్ ఏ ఊరి నుంచి ఏ ఊరి దాకా అని హద్దులు గీసి చట్టం చేసింది 1716లో. పాపన్న పోయిన ఆరేళ్లకి. అక్కడ తాగేదాన్ని పండించే నేలకి చట్టం కాపలా కాసింది. ఇక్కడ తాళ్లు గీసేవాడు కోట కడితే సైన్యం వచ్చింది. ఈ పోలికలో మొత్తం చరిత్ర పట్టదని నాకూ తెలుసు. అయినా ఆ బురుజు కింద నిలబడితే వేరే ఏం తోచలేదు.

ఇదంతా గడగడా నాన్నకి చెప్పాను. విని, "శారదకాండ్లు రాత్రంత చెప్తుండె. బాపు నన్ను మెడల మీద కూసోవెట్టుకొని తీస్కపోయెటోడు" అన్నాడు.

నాన్న నోట తాత గురించి నేను విన్న మొదటి మాట అది.

మండువ దగ్గర

నాన్న ఊరు అక్కడికి దగ్గరే. పేరు రాయను, ఆయన వద్దన్నాడు. ఊళ్లోకి పోలేదు కూడా. ఊరి బయట తాళ్ల వనం పక్కన కారు ఆపమన్నాడు.

కల్లు మండువ అంటే నేను సినిమాల్లో చూసిందే ఊహించుకున్నాను. నిజంగా ఉన్నది తాటాకు పందిరి, రెండు పాత బల్లలు, వరసగా లొట్లు, ఒక పెద్దమ్మ అమ్ముతున్న గుడాలు. నలుగురైదుగురు ముసలివాళ్లు. ఆడపిల్లని చూసి ఒకాయన కండువా సర్దుకుని జరిగి చోటిచ్చాడు.

అరవై దాటిన ఒక గీత కార్మికుడు అప్పుడే చెట్టు ఎక్కబోతున్నాడు. ఎక్కడం నేను దగ్గరగా చూశాను. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ కలిపి మోకు. వీపున ముస్తాదు, అందులో కత్తులు. కాళ్లకి చిన్న బంధం. మోకుని ఒక కుదుపుతో పైకి జరపడం, దాని మీద వెనక్కి వాలడం, కాళ్లు పైకి లాక్కోవడం. మళ్లీ కుదుపు. ఒళ్లు ముందుకు, పాదం మొత్తం చెట్టుకి. పొద్దున భువనగిరి బండ మీద చూసిన నడకే అది.

నలభై, యాభై అడుగుల పైన గెల చివర పల్చగా చెక్కి, కుండ సర్దాడు. ఈ చెక్కడం పొద్దునా సాయంత్రం జరగాలి. రెండు రోజులు మానేస్తే గెల ఎండిపోతుంది, ఊట ఆగిపోతుంది. అంటే జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లైనా, ఆదివారమైనా ఎక్కాల్సిందే. ఒక చెట్టు కాదు, తన వంతు చెట్లన్నీ.

పడితే? ప్రభుత్వం 2024లో "కాటమయ్య రక్షణ కవచం" పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాటమయ్య గీత కార్మికుల దేవుడు. దిగొచ్చిన పెద్దాయన్ని అది ఉందా అని అడిగితే "మా పోరనికొచ్చింది. నాకు మోకే అలవాటు" అని నవ్వాడు.

తర్వాత నాన్నని చూశాడు. పల్లెలో అందరూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"ఎవలి కొడుకువు తమ్మీ?"

నాన్న తాత పేరు చెప్పాడు. పందిరి కింద మాటలు ఆగిపోయాయి. పెద్దాయన మోకు కింద పెట్టి వచ్చి నాన్న రెండు చేతులూ పట్టుకున్నాడు.

"పట్నం వోయిన పోరనివా నువ్వు! మీ అవ్వ మంచిగున్నదా?"

"ఉన్నదన్నా. మోకాళ్లు నొస్తున్నయి."

"మీ బాపు నాకు మోకు కట్టుడు నేర్పిండు."

నాన్న ఏదో అడగబోయి ఆగాడు. పెద్దాయనకి అర్థమైంది. "ఆ తాడు లేదిప్పుడు" అన్నాడు. "రోడ్డు పెద్దగ జేసినప్పుడు పోయింది. ఆ వరసంత పోయింది."

రోడ్డు. పొద్దున్నుంచి నేను ఎనభై, తొంభై స్పీడులో పాటలు పెట్టుకుని వచ్చిన రోడ్డు. మా తాత పడిన చోటు ఏదో ఒక లేన్ కింద ఉంది. దాని మీదుగానే వచ్చాం, దాని మీదుగానే పోతాం.

పెద్దాయన లొట్టి వంచబోతే నాన్న ముందు వద్దన్నాడు. తర్వాత మోదుగాకు దొప్ప పట్టుకున్నాడు. మొదటి ధార నేల మీద పోశాడు. శాక. అది ఎవరికో ఎవరూ అడగలేదు. నలభై ఏళ్ల తర్వాత, నిలబడే, ఒక్క దొప్ప తాగాడు.

నేను తాగలేదు, బండి నడపాలి. వేలి చివర ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. తీపి. దాని వెనక చిన్న పులుపు, గుర్తుపట్టలేని ఒక పచ్చి వాసన.

"పొద్దుగాల దించినప్పుడు ఇంక తియ్యగుంటది" అన్నాడు పెద్దాయన. "పొద్దుమూకితె ఇది వేరే కల్లు."

కల్లు గురించి అసలు సంగతి ఇదే. వైన్ ఆగుతుంది. సీసాలో మూసి పెడితే ఏళ్లు ఆగుతుంది, ఓడ ఎక్కి మన సూపర్‌మార్కెట్‌కీ వస్తుంది. కల్లు కుండలో పడుతుండగానే పులవడం మొదలుపెడుతుంది. గాలిలో, కుండలో ఉన్న ఈస్ట్ పని అది. పొద్దున తీపి, మధ్యాహ్నం ఘాటు, రాత్రికి పులుపు, ఆ తర్వాత సిర్కా. పులవకుండా ఉండాలంటే కుండలో సున్నం రాసి నీరాగా దించాలి, దాన్ని చల్లగా దాచాలి. సిటీలో తాళ్లు లేవు, కానీ కల్లు అడిగేవాళ్లు ఉన్నారు. ఆ ఖాళీలోకే మత్తు మందుల పొడులు దూరాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయిన వార్త మీరు చదివే ఉంటారు. అసలు కల్లు మన దగ్గరికి రాదు. మనమే దాని దగ్గరికి పోవాలి. అదీ దాని టైమ్‌కి.

బయల్దేరేటప్పుడు నాన్న కారులోంచి ఖాళీ నీళ్ల సీసా తెచ్చి పెద్దాయనకి ఇచ్చాడు. "అవ్వకు" అన్నాడు. పెద్దాయన నింపి, డబ్బులు తీసుకోలేదు. "మూత గట్టిగ వెట్టకు, పేల్తది" అన్నాడు.

ఉప్పల్ జామ్‌లో

తిరుగు ప్రయాణంలో సీసా నాన్న ఒళ్లో ఉంది. పావుగంటకోసారి మూత కొంచెం తిప్పితే "స్స్" అని గాలి పోతోంది. కారంతా అదే వాసన.

ఆలేరు దాటాక, అద్దంలోంచి ముందుకే చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

1985. పదో తరగతి. పరీక్ష ఫీజు కట్టాలి. అదే నెలలో తాత కొత్త మోకు కొనాలనుకున్నాడు, పాతది ఒక చోట నలిగింది. రెండిటికీ డబ్బు లేదు. "ఇంకో నెల ఆగుతది ఇది" అని తాత ఫీజు కట్టేశాడు.

ఆగలేదు.

"మోకు తెగిందో, చేయి జారిందో, ఎవ్వలు సూడలె" అన్నాడు నాన్న. "నేను బడిలున్న."

పరీక్షలు రాశాడు. పాసయ్యాడు. రిజల్ట్ వచ్చిన వారానికి నానమ్మని తీసుకుని సిటీకి వచ్చేశాడు. తర్వాత చదవలేదు. వెల్డింగ్ షాపులో చేరాడు. "ఇనుము తెగది కద" అన్నాడు. అది జోకో కాదో నాకు తెలియలేదు.

ఏమనాలో తోచలేదు. "నీ తప్పు కాదు డాడీ" అనడం చాలా ఈజీ. నలభై ఏళ్లలో ఆయన తనకి తాను అది వెయ్యిసార్లు చెప్పుకునే ఉంటాడు. అందుకే నోరు మూసుకుని, గేర్ మార్చి, బండి నడిపాను. నా అడ్మిషన్ ఫీజు కట్టిన ప్రతిసారీ ఆయన రసీదుని మడిచి మడిచి జేబులో ఎందుకు పెట్టుకుంటాడో, ఏడాది దాకా ఎందుకు పారెయ్యడో అప్పుడు అర్థమైంది.

నారపల్లి నుంచి ఉప్పల్ దాకా పూర్తి జామ్. ఆదివారం సాయంత్రం, యాదగిరిగుట్ట నుంచి తిరిగొచ్చే బళ్లన్నీ ఆ పిల్లర్ల కిందే. గంట గడిచింది. నాన్న సీసా వాసన చూశాడు. "పులుస్తున్నది" అన్నాడు. నేను హారన్ కొట్టాను, జీవితంలో ఎప్పుడూ కొట్టనంత. ఒక్క సీసా కల్లు పులవకముందే ముషీరాబాద్ చేరాలని. పక్క కారువాడు నన్ను తిట్టాడు. వాడికేం తెలుసు?

ఇల్లు చేరేసరికి తొమ్మిది. నాన్న చెప్పులు విప్పకుండానే నానమ్మ దగ్గరికి పోయి స్టీల్ గ్లాసులో పోసిచ్చాడు. "మన వనంల కల్లు అవ్వా. పులిసింది" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

నానమ్మ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. ముందు వాసన చూసింది. రెండు చుక్కలు గచ్చు మీద వేసింది. ఒక గుటక తాగి, కళ్లు మూసుకుంది.

"మీ బాపు పొద్దుమూకినంక తెచ్చేది గిట్లనే ఉంటుండె" అంది. "నాకు గీ పులుపే ఇష్టం."

నాన్న అక్కడే నేల మీద కూర్చున్నాడు. అమ్మ అన్నం తినమని మూడుసార్లు పిలిచినా లేవలేదు. ఫీజు సంగతి ఆమెకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆమెకి ముందే తెలుసేమో కూడా.

మీరూ పోవాలనుకుంటే రూట్ ఈజీ. తార్నాక నుంచి ఉప్పల్, భువనగిరి, ఆలేరు దగ్గర లోపలికి కొలనుపాక, మళ్లీ హైవే, పెంబర్తి, జనగామ, రఘునాథపల్లి, ఖిలాషాపూర్. వెళ్లేటప్పుడు వంద కిలోమీటర్ల పైచిలుకు. ఎండాకాలం ముదరకముందే పోండి. భువనగిరి పొద్దున్నే ఎక్కండి. నడిపేవాళ్లు కల్లు ముట్టొద్దు. మండువ దగ్గర ఫోటో తీసే ముందు అడగండి, చెట్టు మీద ఉన్న మనిషి పేరు కూడా అడగండి.

ఇంట్లో ఎవరైనా "ఏముంది ఆడ?" అంటుంటే, వాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పోండి. వచ్చే నెల నేను మళ్లీ పోతున్నాను. ఈసారి వెనక సీట్లో నానమ్మ కూడా ఉంటుంది. మోకాళ్ల నొప్పికి దిండు రెడీ చేశాను. పొద్దున్నే, కుండ దించే టైమ్‌కి అక్కడ ఉండాలట. తియ్యటిది కూడా ఒక్కసారి తాగాలట.

నాలుగున్నరకి అలారం పెట్టమని నాన్నే చెప్పాడు.